ఉదయగిరి ముట్టడి బొమ్మలకు బేసులు: ఎర్రమట్టా, పచ్చగడ్డా?

పెన్నాగట్టు (నెల్లూరు):
రాయల సైన్యం 28 ఎం.ఎం. బొమ్మలకు రంగులయిపోయినాయి. బల్ల మీద బొమ్మలతో ఆడే ఉదయగిరి ముట్టడి యుద్ధం ఆట కోసం. ఇంక బేసులే (బొమ్మల కాళ్లకింది బిళ్లలు) మిగిలినాయి. మా ఆటగాళ్లలో సగం మంది పచ్చ స్టాటిక్ గ్రాస్ (గడ్డిలా నిలబడే సన్న పీచు) చల్లేయమంటన్నారు, ఫొటోలో బొమ్మ ఎత్తి కనపడతదని. నాకేమో ఎర్రమట్టి, రాళ్లే ఉండాలని. మీరు ఏ పక్క?

ఒంగోలుగిత్త:
ఎర్రమట్టే. ఆ పచ్చదనం నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం ఆడుకునేవాళ్లకి. ఉదయగిరి కోట కాసే గజపతి విలుకాళ్లని తీసకపోయి బెల్జియం పొలంలో నిలబెడతావా ఏంది?

కావలి_రైలుకట్ట:
అన్నా, ఉదయగిరి అంటే నీకు ఏడాది పొడుగునా మే నెలేనా? 1513లో మొదలైతే 1514లో గాని కోట చిక్కలా. విజయనగరం చరిత్ర రాసిన పోర్చుగీసు నూనిజ్ అయితే ఏడాదిన్నర అనే రాశాడు. అంటే మధ్యలో ఒక్క ఈశాన్య రుతుపవనమన్నా దాటుంటది. అక్టోబరు నించి డిసెంబరు దాకా వానలు పడినాక ఆ పక్క కొండలు చూసినావా? గడ్డి వేస్తే తప్పేం లేదు.

పలకలమార్కాపురం:
నూనిజ్‌ని నువ్వే తెచ్చావు గాబట్టి చెప్తన్నా. దారి కోసం రాయలు కొండల్ని తొలిపించి పెద్ద పెద్ద బండలు పగలగొట్టించాడని కూడా ఆయనే రాశాడు. మరి బేసు మీద ఉండాల్సింది గడ్డీ కాదు, ఉత్త మట్టీ కాదు, కొత్తగా పగిలిన రాయి. మా ఊళ్లో పలకరాయి ముక్కలకి కొదవ లేదు. సుత్తితో చిన్నగా తట్టి ఫెవికాల్‌తో అంటించి, చుట్టూ జల్లించిన మట్టి పొయ్యి. ఆరినాక నీళ్లు కలిపిన ఫెవికాల్ ఇంకో పూత, లేకపోతే ఆటలో మట్టంతా చేతులకి రాలతది.

కొలత మాత్రం మర్చిపోవద్దు. 28 ఎం.ఎం. అంటే అసలు మనిషి ఎత్తులో దాదాపు 60వ వంతు. 1 మి.మీ. ఇసుక రేణువు ఆ సిపాయి కాళ్లకాడ 6 సెం.మీ. గులకరాయి! పెన్నా ఇసుక ఉన్నపళంగా పోస్తే సైన్యమంతా కంకర మీద నిలబడినట్టుంటది. టీ వడకట్టే జాలీలో పట్టు. మైపాడు బీచ్ ఇసుకైతే ముందు మంచినీళ్లతో కడుగు, ఉప్పు పైకి తేలి తెల్లగా పూస్తది.

ఒంగోలుగిత్త:
పలక పొరలు పొరలుగా విరుగుతది సామీ. సమ్మెటతో పగలగొట్టిన బండ అట్టుండదు.

పలకలమార్కాపురం:
విరిగిన అంచు పైకొచ్చేట్టు పెట్టు. రంగు దాదాపు తుడిచేసిన కుంచెతో బూడిదరంగు పైపైన లాగితే (డ్రై బ్రష్) మూడడుగుల దూరం నించి ఎవడు కనుక్కుంటాడు?

గూడూరు_ఫోకస్:
ఆ మూడడుగుల కాడే ఉంది గొడవంతా. ఆటలో చూసేది పైనించి, ఫొటోలో చూసేది పక్కనించి. కెమెరాని సిపాయి కళ్ల ఎత్తుకి దించి చూడండి. బేసు పైభాగం దాదాపు మాయం, కనపడేది అంచు. మీరు కొట్టుకుంటన్న గడ్డి ఒక సన్న గీత, అంతే.

ఎర్రమట్టి వల్ల వచ్చే చిక్కు వేరే ఉంది. ఫ్రేములో ఎరుపు నిండిపోతే ఫోన్ ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని తనంతట తానే సరిచేసేది) మొత్తాన్ని నీలం వైపు లాగుతది, సిపాయి ఒళ్లు పాలిపోతది. గడ్డి చల్లితే పోయేది కాదది. కిందా వెనకా బూడిదరంగు చార్టు పెట్టి, దాని మీద వైట్ బ్యాలెన్స్ లాక్ చెయ్యి. కిటికీ వెలుగులో తీస్తే ట్యూబ్‌లైటు ఆపు, రెండూ కలిస్తే ఒక్కో పక్క ఒక్కో రంగు తేలతది. ఫోన్ బొమ్మ మీదికి ఆనిస్తే మొహం ఫోకసులో ఉండి ఈటె మొన మసకబారతది. కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తియ్యి. కెమెరా ఉన్నోళ్లు లెన్సు కన్నం తగ్గించేటప్పుడు ఎఫ్/11 దగ్గర ఆగండి. ఇంకా చిన్నగా ఎఫ్/22కి పోతే ఫోకసు లోతు పెరుగుతది గానీ పదును పోతది.

కావలి_రైలుకట్ట:
అయితే అంచుకి నలుపే గదా?

గూడూరు_ఫోకస్:
షోకేసులో నలుపు బాగుంటది. ఆట బల్ల మీద నల్ల గుండీలు పారబోసినట్టుంటది. మట్టిరంగే వెయ్యి.

పెన్నాగట్టు (నెల్లూరు):
సరే. జల్లించిన ఎర్రమట్టి, పలక ముక్కలు, మట్టిరంగు అంచు. కావలి అన్న కోసం రాళ్ల సందుల్లో రెండు పచ్చ కుచ్చులు పెడతా. మరి గజపతి వాళ్లు కోట లోపల గదా, వాళ్లకి వేరే బేసులా?

ఒంగోలుగిత్త:
అందరికీ ఒకటే చెయ్యి. 1515 కొండవీడు ఆటకి మళ్లీ ఈ బొమ్మలనే గదా దించేది.

కావలి_రైలుకట్ట:
కొండవీడు చుట్టూ నల్లరేగడి గదన్నా, ఎర్రమట్టి బేసులు ఎట్ట కుదురుతాయి?