చక్కెర అర చెంచా దగ్గర ఆగిపోయింది, ఇంకా తగ్గించడం ఎలా?

పిల్లలకు (6, 9 ఏళ్లు) పొద్దున 30 గ్రాముల కార్న్‌ఫ్లేక్స్, 150 మిల్లీలీటర్ల చల్లటి పాలు. పైన 2 చెంచాల చక్కెర, అంటే దాదాపు 8 గ్రాములు, వేసుకునేవారు. వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తూ ఆరు వారాల్లో అర చెంచాకు తెచ్చాం. మూడు వారాలుగా అక్కడి నుంచి కదలడం లేదు.

చల్లటి పాలలో చక్కెర త్వరగా కరగదు, గిన్నె అడుగున పేరుకుంటుంది. మొదటి ముద్ద చప్పగా తగిలి మళ్లీ అడుగుతున్నారు. గోరువెచ్చటి పాలలో ముందే కలిపితే రేకులు మెత్తబడిపోయి, గిన్నె పక్కకు నెట్టేస్తున్నారు. అరటిపండు ముక్కలు నాలుగు రోజులే నడిచాయి. తేనె వద్దనుకున్నాం, అదీ చక్కెర లెక్కే. పెద్దవాళ్లం పూర్తిగా మానేశాం.

ఆ చివరి అర చెంచా మాన్పించడానికి మీ ఇంట్లో ఏది పనిచేసింది?