సంక్రాంతి సాయంత్రం, బరంపురం: ఏడు చేపల కథలో 1866 కరువు, ఎవరెవరు ఏం చూడాలి

స్క్రిప్టు నుంచి:
కథ రెండుసార్లు నడుస్తుంది. మొదట అందరికీ వచ్చిన కథే, నాలుగు నిమిషాలు. జవాబులు జనమే గట్టిగా చెప్పనివ్వండి. రెండోసారి అవ్వ దగ్గర గొలుసు మారుతుంది.
‘అవ్వా అవ్వా, అన్నం ఎందుకు పెట్టలేదు?’ ‘గాదె ఖాళీ.’
‘గాదే గాదే?’ ‘పోయినేడు వాన మధ్యలోనే మొహం చాటేసింది.’
‘ఓడా ఓడా, బియ్యం ఎందుకు తేలేదు?’ ‘కబురు అందేసరికి వానాకాలం వచ్చేసింది, సరుకు దించే దారి లేదు.’
‘దొరా దొరా, కబురు ముందే ఎందుకు పంపలేదు?’ ‘ధర పెరిగితే వ్యాపారులే తెస్తారు, మధ్యలో నేను వేలు పెట్టనా?’
చీమ ‘కుట్టనా’ అన్న స్వరమే దొరకీ ఉండాలి. టోపీ, మీసాలు వద్దు. అక్కడ నవ్వు పుడితే ఇక అంతే, ఆ తర్వాత మాట ఎవరికీ ఎక్కదు.

చరిత్ర మాస్టారు:
ఓడ ఘట్టం కటకం, పూరీ, బాలేశ్వరం వైపుది. అవి అప్పుడు బెంగాల్ ప్రభుత్వం కింద ఉండేవి. మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. ఇక్కడా ఆ ఏడు కరువే, అయినా ఆ ఓడని గోపాలపురంలో నిలబెట్టకండి. ఒడియా అతిథులకి ‘నఅంక దుర్భిక్ష’ (ఈ కరువుకి ఒడియాలో పేరు) అని ఒక్కమాట చాలు, మిగతాది వాళ్ళకే తడుతుంది. పోయినవాళ్ళు సుమారు పది లక్షలంటారు. ఆ అంకె కరపత్రంలో వేద్దాం, పిల్లల నోట వద్దు.
ఛత్రంలో, అంటే కరువులో ఊరికే అన్నం పెట్టిన చోట, తిన్నవాళ్ళని కులం నుంచి వెలేసిన ఘట్టం తీసెయ్యమన్నారు కొందరు. తియ్యొద్దు. ఆకలి తీరాక కూడా వెంటాడింది అదే. వాళ్ళకి పడ్డ పేరు మాత్రం ఎవరూ పలకొద్దు, ఆ ఇళ్ళవాళ్ళు హాల్లోనే ఉండొచ్చు. ఒక పిల్ల ఆకు పట్టుకుని వరస దగ్గరికి వస్తుంది, వరస రెండడుగులు జరుగుతుంది. అంతే.

వేదిక పని:
అట్ట చేపలు ఏడు, మూరెడేసి, నల్లదారంతో దండేనికి. ఏడోది తడిసినట్టు కనిపించాలి: ముదురు రంగు, పైన వార్నిష్. మోపుకి నిజం గడ్డి వద్దు, లైట్ల వేడికి అంటుకోవచ్చు; గోనెపీచూ అంటుకునేదే, ఏది కట్టినా లైట్లకి దూరంగా ఉంచండి. నిలువు మైకులు రెండు. చేతి మైకు ఇస్తే పిల్లలు జవాబు మింగేస్తారు.

పిల్లల బృందం:
ఎనిమిదేళ్ళ లోపువాళ్ళు మొదటి కథ అవగానే దిగిపోతారు, తల్లులు ఎడమ మెట్ల దగ్గర ఉండండమ్మా. దొర జవాబు తర్వాత ఐదు లెక్కపెట్టి లైట్లు వెయ్యాలి. వెంటనే కోలాటం పెట్టారు, దాన్ని చివరికి జరపండి. ఆ పది నిమిషాలు పెద్దవాళ్ళు మాట్లాడడానికి వదిలేద్దాం. దండెం కట్టడానికి ఇద్దరు కావాలి, పేర్లు ఇక్కడే రాయండి.