వర్చువల్ సర్వర్ల హోస్ట్‌లో 53 పోర్టు దగ్గర పేచీ

ప్రశ్న (విజయవాడ):
బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో ఒక డెబియన్ లినక్స్ కంప్యూటర్ (హోస్ట్) మీద నాలుగు కేవీఎం వర్చువల్ సర్వర్లు (గెస్ట్‌లు) ఉన్నాయి. ఆఫీసు పీసీల కోసం అదే హోస్ట్‌లో డీఎన్ఎస్‌మాస్క్ (సైట్ పేర్లకు ఐపీ అడ్రసులు చెప్పే డీఎన్ఎస్ సర్వర్) పెట్టి రీబూట్ చేశాక, గెస్ట్‌లను నడిపించే లిబ్‌వర్ట్ సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్ నెట్‌వర్క్ లేవడం లేదు. 192.168.122.1 అడ్రస్ వాడుకలో ఉందంటోంది. ఏం చేయాలండీ?

జవాబు 1 (గుంటూరు):
లిబ్‌వర్ట్ కూడా లోపల సొంత డీఎన్ఎస్‌మాస్క్‌నే నడుపుతుందండీ. మీరు పెట్టింది అన్ని అడ్రసుల మీదా డీఎన్ఎస్ పోర్టు 53ను పట్టుకుంది, లిబ్‌వర్ట్ నడిపేదానికి చోటు లేదు. మీ కాన్ఫిగ్ ఫైలులో ‘ఇంటర్‌ఫేస్’ వరుసలో ఆఫీసు ల్యాన్ కార్డు పేరు రాయండి. కింద ‘బైండ్-ఇంటర్‌ఫేసెస్’ తప్పక చేర్చండి. అది లేకపోతే మొదటి వరుస రాసినా దండగే: పోర్టును 0.0.0.0 (అంటే అన్ని అడ్రసులు) మీదే పట్టుకుని, అక్కర్లేని ప్రశ్నలను వదిలేస్తుందంతే. తర్వాత మీ సర్వీసును రీస్టార్ట్ చేసి, ఆపైన డిఫాల్ట్ నెట్‌వర్క్‌ను లేపండి.

జవాబు 2 (విజయవాడ):
పైన చెప్పింది సరైనదే. గెస్ట్‌లలోని 22 (ఎస్ఎస్‌హెచ్), 80 (వెబ్) పోర్టులకు ఈ బెడద లేదు, కేవీఎం గెస్ట్‌కు తన నెట్‌వర్క్ తనకు వేరుగా ఉంటుంది. ఒక జాగ్రత్త: హోస్ట్‌లో ఐపీటేబుల్స్ (ఫైర్‌వాల్) రూల్స్ చెరిపి మళ్లీ లోడ్ చేస్తే, గెస్ట్‌లను హోస్ట్ అడ్రస్ మీదుగా బయటికి పంపే లిబ్‌వర్ట్ న్యాట్ రూల్స్ కూడా కొట్టుకుపోయి గెస్ట్‌లకు ఇంటర్నెట్ ఆగవచ్చు. అప్పుడు లిబ్‌వర్ట్ సర్వీసును రీస్టార్ట్ చేయండి. నెట్‌వర్క్‌ను ఆపి లేపితే మాత్రం నడుస్తున్న గెస్ట్‌లు బ్రిడ్జి (వాటిని కలిపే వర్చువల్ స్విచ్) నుంచి ఊడిపోతాయి.