ట్యాగు వేసి కట్టే చేపల అంచనాను నమ్మవచ్చా?

లెక్కల మాస్టారు: నీటిలోని చేపలన్నింటినీ లెక్కపెట్టలేము కనుక, 100 చేపలకు ట్యాగు వేసి వదిలి, కొన్నాళ్లకు పట్టిన మరో 100లో ట్యాగున్నవి 10, అంటే పదో వంతు కనిపిస్తే, ట్యాగు వేసిన 100 కూడా మొత్తంలో పదో వంతే అనుకుని మొత్తం సుమారు 1000 అని అంచనా కట్టడం పీటర్సన్ పేరుతో స్థిరపడిన పద్ధతి. అంతరించే ప్రమాదమున్న జాతులకు ఇంతకన్నా నికరమైన ఆధారం నాకు కనబడదు.

రేవుగట్టు: ట్యాగు ఊడిపోతే ఏమిటి సంగతి? నేను రెండేళ్లు ఒక సర్వేలో వెన్నురెక్క కింద ట్యాగులు గుచ్చే పని చేశాను. మళ్లీ పట్టిన చేపల్లో కొన్నింటికి ట్యాగు లేదు గాని, గుచ్చిన చోట మానిన మచ్చ వేలికి తగిలేది. వాటిని కూడా ‘ట్యాగు లేనివి’గానే రాయమన్నారు. ఆక్షేపించినందుకు మూడో ఏడు నన్ను పిలవలేదు. ఆ పదింటిలో ఐదు ఊడితే మీ 1000 కాస్తా 2000 అవుతుంది. నీటిలో తరిగిపోతున్న చేప కాగితం మీద పెరుగుతుంది.

లెక్కల మాస్టారు: ఒక్కో చేపకు రెండేసి ట్యాగులు వేస్తే, ఒకటే మిగిలిన చేపలను బట్టి ఎన్ని ఊడుతున్నాయో తెలుస్తుంది. మీ సర్వేలో జరిగిన పొరపాటును పద్ధతికి అంటగట్టకండి.

రేవుగట్టు: రెండేసి వేయలేదనే కదా నా గొడవ!

నీలికలువ: అమెరికాలోని నెవాడాలో డెవిల్స్ హోల్ అనే నీటి గుంటలో డైవర్లు మునిగి చూసి 2013లో 35 పప్‌ఫిష్ అనే చిన్న చేపలను లెక్కపెట్టారు. అది ఒక్క గుంట కనుక సరిపోయింది లెండి.

రేవుగట్టు: అసలు మొత్తం సంఖ్య ఎందుకు? ఏటా అవే చోట్ల, అదే వల వేసి, పడే చేప తగ్గుతోందో లేదో చూస్తే చాలదా?

లెక్కల మాస్టారు: కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరపు కాడ్ అనే చేప విషయంలో ట్రాలర్లకు, అంటే వల ఈడ్చుకుపోయే వేట పడవలకు, పడే చేపను చూసే మోసపోయారు. మిగిలిన చేప ఒకచోట గుమిగూడడంతో వలలు నిండుతూనే వచ్చాయి. చివరకు 1992లో వేటను నిషేధించవలసి వచ్చింది.

రేవుగట్టు: అవి చేప ఉన్నచోటు వెతుక్కుంటూ పోయే వేట పడవలు. నేనన్నది చోటు మారని సర్వే వల. చదవకుండా జవాబివ్వడం మీకు అలవాటైనట్లుంది.

లెక్కల మాస్టారు: నా అలవాట్లు పక్కన పెట్టండి. మీ వల ‘తగ్గింది’ అంటుంది గాని, ఎన్ని మిగిలాయో చెప్పదు. ఆ ఒక్క మాట పట్టుకుని వేట ఆపించి, పడవ మీద బతికే కుటుంబాన్ని ఇంట్లో కూర్చోబెట్టగలరా?

రేవుగట్టు: ఇదా మీ అభ్యంతరం! ముందే చెప్పవలసింది. లెక్క తేలేదాకా వేట సాగాలంటారు మీరు, తేలేదాకా ఆగాలంటాను నేను. ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ వేసే, ప్రమాదంలో ఉన్న జాతుల ఎర్ర జాబితా కూడా, తగ్గుదలకు కారణం ఇంకా ఆగనప్పుడు, 10 ఏళ్లలో లేదా 3 తరాల్లో (ఏది ఎక్కువైతే అది) 80 శాతం తగ్గిందని అనుమానించడానికి తగిన ఆధారముంటే చాలు, ఆ జాతిని అత్యంత ప్రమాద స్థితిలో చేరుస్తుంది. మొత్తం ఎన్ని ఉన్నాయో చెప్పమనదు.

లెక్కల మాస్టారు: జాబితాలో చేర్చడం వేరు, వేట ఆపడం వేరు, అక్కడ నా మాట మారదు. ఆ మచ్చలున్న చేపల లెక్క మాత్రం మీరు రాసి పెట్టుకుని ఉంటే ఇక్కడ పెట్టండి, అంచనా ఎంతకు దిగుతుందో నేను వేసి చూపిస్తాను.