సీసీసీ క్యాంపులు కడుపు నింపాయా, అమెరికా ఆర్మీకి కుర్రాళ్లని తయారుచేశాయా?

పాతకాగితం: 1933లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పని లేని కుర్రాళ్ల కోసం పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ (సీసీసీ) పథకాన్ని మొన్న గోదారోడు గారు "ఆర్మీకి దొడ్డిదారి" అన్నారు, నాకు మింగుడుపడలేదు. అప్పుడు అక్కడ నలుగురిలో ఒకరికి పని లేదు. 18 నుంచి 25 ఏళ్ల కుర్రాళ్లని అడవుల్లో క్యాంపులకి తీసుకెళ్లి నెలకి 30 డాలర్లిచ్చారు, అందులో 25 దాకా నేరుగా ఇంటికే పోయేవి. వాడక్కడ మొక్కలు నాటితే ఇంటి దగ్గర పొయ్యి వెలిగేది, ఇందులో దొడ్డిదారి ఏముంది?

గోదారోడు: క్యాంపులు నడిపిందెవరండీ మరి? ఆర్మీ ఆఫీసర్లే కదా. పొద్దున్నే లేవడం, పక్క సర్దడం, యూనిఫాం, లైన్లో నిలబడి భోజనం, అంతా బారక్స్ పద్ధతే. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్మీ మొత్తాన్ని నడిపిన జార్జ్ మార్షల్ కూడా అంతకుముందు ఈ క్యాంపులు చూసుకున్నవాడే.

పాతకాగితం: నడిపారు, కానీ తుపాకీ ఇచ్చారా? లేదు. పని చూపించింది ఫారెస్ట్ సర్వీసు, పార్క్ సర్వీసు వాళ్లు. కొన్ని నెలల్లోనే రెండున్నర లక్షల మందికి టెంట్లు, తిండి, లారీలు సర్దాలంటే అప్పుడు ఆర్మీకి తప్ప ఇంకెవరికీ చేతకాదు. ఇంకోటి, 1940లో డ్రాఫ్ట్ (తప్పనిసరి సైనిక భర్తీ) మొదలైనప్పుడు కొత్త సిపాయికి మొదటి నాలుగు నెలలు 21 డాలర్లే, ఆర్మీలోకి లాగాలనుకున్నవాడు మొక్కలు నాటేవాడికి ఎక్కువ ఇస్తాడా చెప్పండి.

నల్లరేగడి: మీరిద్దరూ వదిలేసింది ఒకటుంది. జాతి, రంగు చూసి తేడా చేయకూడదని ఆ చట్టంలోనే ఉంది, పట్టుబట్టి పెట్టించింది డి ప్రీస్ట్ అనే నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడు. అయినా 1935 నుంచి నల్ల కుర్రాళ్లకి వేరే క్యాంపులే, యుద్ధానికి పోతే అక్కడా వేరే యూనిట్లే, 1948లో అధ్యక్షుడు ట్రూమన్ ఆ తేడా తీసేయమని ఆర్డర్ ఇచ్చేదాకా. క్యాంపు నుంచి ఆర్మీకి మారకుండా వెళ్లింది ఏదన్నా ఉందంటే నాకు ముందు కనపడేది ఈ గోడే, ఆడపిల్లలకైతే అసలు ఇందులో చోటే లేదు.

గోదారోడు: 21 డాలర్ల సంగతి నాకు తట్టలేదు, దొడ్డిదారి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. నల్లరేగడి గారు చెప్పిందీ ఒప్పుకుంటా. కానీ 1942లో మూసేలోపు దాదాపు 30 లక్షల మంది ఆ క్యాంపుల్లో ఉన్నారు, ఆకలితో వచ్చినవాళ్లు అక్కడి తిండితో ఒళ్లు చేశారు, పదిమందితో కలిసి ఒక మాట మీద పనిచేయడం నేర్చుకున్నారు, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసి అమెరికా యుద్ధంలోకి దిగాక అది ఆర్మీకి రెడీగా దొరికింది, అది మాత్రం నేను వదలను.