ఏడేళ్ల పాప కస్టడీ కేసు: కావలిలోనా, ఒంగోలులోనా?

అక్కా బావా విడిగా ఉంటున్నారు. పాప కావలిలో అక్క దగ్గరే చదువుతోంది, బావది ఒంగోలు. పూర్తి కస్టడీ కావాలంటే ఎక్కడ వేయాలి, ఏ కాగితాలు పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1: బావ ఊరితో పనిలేదు తమ్ముడూ. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం పాప మామూలుగా ఉండే చోటే లెక్క, అంటే నెల్లూరు జిల్లా. విడాకుల కేసు ఇప్పటికే నడుస్తుంటే అదే కోర్టులో హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద అడగొచ్చు. పిటిషన్‌తోపాటే మధ్యంతర కస్టడీ అర్జీ కూడా వేయించండి. అది మర్చిపోతే అసలు కేసు తేలేదాకా పాప విషయం గాల్లో ఉంటుంది.

జవాబు 2: ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్న నియమం మీకు దాటిపోయింది. ఇప్పుడు చూసేది పాప బాగోగులే. జనన ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్, టీకాల కార్డు, అక్క ఆదాయానికి రుజువు పెట్టండి. స్కూలు ఫీజు ఫోన్‌పేలో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ వరుసలకు గుర్తు పెట్టి ఇవ్వండి, రసీదు మీద ఎవరి పేరున్నా కట్టిందెవరో తెలుస్తుంది.

జవాబు 3: కోపం కొద్దీ తండ్రిని చూడనివ్వకుండా మాత్రం ఆపొద్దు, కేసు అక్కడే దెబ్బతింటుంది. పూర్తి కస్టడీ వచ్చినా చూసే హక్కు ఆయనకు సాధారణంగా ఇస్తారు. జడ్జి పాపతో విడిగా మాట్లాడొచ్చు, మాటలు నేర్పి పంపకండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోండి. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు.