రెండు గంటల చేతిపనుల వర్క్‌షాపులు: కళను బతికిస్తున్నాయా, చంపుతున్నాయా?

ఆకులపుస్తకం (చర్చ మొదలుపెట్టినవారు)
మా సంఘంలో ఒక పేచీ నడుస్తోంది. నెలకో ఆదివారం చేతిపనుల వర్క్‌షాప్ పెడుతున్నాం. ఒకసారి వెదురు బుట్ట, ఒకసారి నీలిమందు అద్దకం, ఒకసారి ఆకుల్ని బట్టి చెట్లను గుర్తుపట్టడం, ఇంకోసారి గింజలతో దండలు. ఏదైనా రెండు గంటలే. జనం బాగానే వస్తున్నారు. కొందరు సభ్యులేమో "ఇది నేర్పడం కాదు, కాలక్షేపం, ఆపేద్దాం" అంటున్నారు. "అసలేమీ లేనిదానికంటే నయం కదా" అని మిగతావాళ్లు. నేను ఏ పక్షమూ కాదు, సమావేశంలో మినిట్స్ రాసే మనిషిని. మీరేమంటారు?

దారినపోయేవాడు
మా పిల్లాడు రెండు గంటలు ఫోన్ ముట్టుకోలేదు. నాకది చాలు.

నీలితొట్టి
నయం కాదండి, నష్టం. ఇలాంటి ఒకచోట బోర్డు మీద "వందల ఏళ్ల నాటి సంప్రదాయ నీలి అద్దకం" అని రాశారు. లోపలికెళ్తే ప్లాస్టిక్ బకెట్లు, వాటిలో ఫ్యాక్టరీ నీలం, సోడా, హైడ్రోస్ (తొట్టిలో ప్రాణవాయువును త్వరగా లాగేసే రసాయనం). ముక్కు మండే ఆ వాసన గుమ్మంలోనే కొట్టింది. ఫ్యాక్టరీ నీలం 1897 నుంచి బజారులో ఉంది, ఇవాళ జీన్స్ ప్యాంట్లకు వాడేది దాదాపు అంతా అదే. వాడుకోండి, ఎవరొద్దన్నారు? బోర్డు మీద మాత్రం అబద్ధం రాయొద్దు.

అసలు పనేమిటో చెప్తా. నీలిమందు నీళ్లలో కరగదు. కరగాలంటే తొట్టిలో ప్రాణవాయువు లేకుండా పోవాలి. సున్నం వేసి, బెల్లమో తవుడో తగిరిస గింజలు ఉడికించిన నీళ్లో కలిపి, వెచ్చగా ఉంచి పులియబెడతాం. లోపల పని చేసేవి సూక్ష్మజీవులు, వాటిని తొందరపెట్టలేం. పైన రాగిరంగు పొర మెరవాలి, కింద నీళ్లు పసుపుపచ్చగా తిరగాలి. మా నాన్న వాసన చూసి, రెండు వేళ్ల మధ్య ఆ నీళ్లు రుద్ది చూసి, తొట్టి ఆకలి మీదుందో అలిసిపోయిందో చెప్పేవాడు. ఆ తీర్పు రెండు గంటల్లో ఎవరికొస్తుంది? వచ్చినవాళ్లు చూసేదల్లా గుడ్డ పచ్చగా బయటికొచ్చి, గాలి తగిలి నీలం కావడం. చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోతారు.

చిట్టిచేతులు
అలాంటివి నడిపేది నేనే (మీరు వెళ్లిన చోటు కాదులెండి), కాబట్టి జవాబు నేనే చెప్పాలి.

పులిసిన తొట్టి గొప్పదే, కాదనను. కానీ అది రాత్రి చలికి చల్లబడితే పొద్దున పని చెయ్యదు. పిల్లల్ని వెంటబెట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్లకి "తొట్టికి ఒంట్లో బాగాలేదు, వచ్చే వారం రండి" అని చెప్పనా? హైడ్రోస్ అయితే గంటలోపు తయారు. ఒక్క చేతిరుమాలు స్వయంగా ముంచి, పిండి, ఆరేసిన మనిషికి తెలుస్తుంది, నీలం ముదరాలంటే మళ్లీ మళ్లీ ముంచాలని. ఆ తర్వాత బజారులో చేతి అద్దకం గుడ్డ చూస్తే "ఇంత ధరా!" అని నోరు పారేసుకోరు. నా ఉద్దేశం అద్దకందార్లను తయారు చెయ్యడం కాదు, పని విలువ తెలిసినవాళ్లను తయారు చెయ్యడం.

ఇంకోమాట. చేతిపని అందరికీ నేర్పాలన్నది కొత్త పిచ్చి కాదు. ఫిన్లండ్‌లో ఊనో సిగ్నేయస్ అనే విద్యావేత్త 1866లోనే దాన్ని బడి పాఠాల్లో చేర్పించాడు. ఆ పిల్లలంతా వడ్రంగులు కావాలని కాదు కదా.

మోతాదు
హైడ్రోస్ గురించి ఎవరూ అడగనిది: డబ్బాలోకి తడి పోతే అది తనంతట తానే వేడెక్కుతుంది, మంట అంటుకున్నా ఆశ్చర్యం లేదు. వచ్చే గాలి సల్ఫర్ డయాక్సైడ్, ఉబ్బసం ఉన్నవాళ్లకు మంచిది కాదు. తలుపులేసిన గదిలో పిల్లలతో చేయిస్తున్నారా, బయటా?

చిట్టిచేతులు
బయటే. మూత గట్టిగా పెడతాం, పిల్లల చేతికి ఇవ్వం.

మోతాదు
సరే. మరి పైన "గింజలతో దండలు" అన్నారు. ఏ గింజలు?

నీలితొట్టి
మేడమ్, ఫిన్లండ్ కబుర్లు పక్కన పెట్టండి. "మళ్లీ మళ్లీ ముంచాలని తెలుస్తుంది" అన్నారు. హైడ్రోస్ తొట్టిలో ఒక్క ముంచుకే ముదురు రంగు తెప్పించొచ్చు, మోతాదు ఎక్కువ వేస్తే చాలు. ఆ రంగు గుడ్డ లోపలికి పట్టక పైపైనే ఉండి, రాస్తే చేతికంటుతుంది. మీరు చూపించేది అదేనా?

చిట్టిచేతులు
కాదు. పలచగా కలిపి ఎక్కువసార్లు ముంచుతాం. నా తొట్టి చూడకుండానే తీర్పు చెప్పేస్తున్నారు.

నీలితొట్టి
చూడక్కర్లేదు. గంటలోపు తయారంటేనే తెలిసిపోయింది.

వెదురుబద్ద
నీలం గొడవ నాకు తెలీదు, వెదురు సంగతి చెప్తాను. వర్క్‌షాపుల్లో బద్దలు చీల్చి, నానబెట్టి, కట్టలు కట్టి టేబుల్ మీద పెడతారు. వచ్చినవాళ్లు అల్లుతారు, అంతే. అల్లిక చిన్నపిల్లలకైనా వస్తుందండి! పనంతా అంతకు ముందే అయిపోయింది. ఏ బొంగు కొట్టాలో తెలియాలి. మూడేళ్లు నిండనిది ఎండితే ముడుచుకుపోతుంది, పిండిపదార్థం ఎక్కువున్నప్పుడు కొడితే పుచ్చు పురుగు పట్టి బుట్ట కింద పసుప్పచ్చ పొడి రాలుతుంది. చీల్చేటప్పుడు చీలిక ఒక పక్కకు లాగేస్తుంటే, ఏ వైపు మందంగా ఉందో ఆ వైపు వంచి దారిలో పెట్టాలి. ఆ ఒడుపు చేతిలోకి రావడానికే ఏళ్లు పడుతుంది. పైగా బద్ద అంచు కత్తి లాంటిది, నా వేళ్లు చూస్తే తెలుస్తుంది. వర్క్‌షాప్‌లో బద్దల అంచులు గీకి నునుపు చేసి ఇస్తున్నారు. గీకేది ఎవరంటారు? ముందురోజు రాత్రి నేనూ మా ఆవిడా కూర్చుని గీకుతాం.

ఆపమని అనట్లేదు. పిలిస్తే వెళ్తూనే ఉన్నాను.

దారినపోయేవాడు
అన్నా, మరి చీల్చడం కూడా నేర్పొచ్చుగా?

వెదురుబద్ద
చీలుస్తూ వేలు కోసుకుంటే ఎవరిది బాధ్యత? నిర్వాహకులు ఒప్పుకోరు.

ఆకులపుస్తకం
మోతాదు గారూ, గింజలంటే గురివింద, ఇంకేవో. ఎరుపు నలుపు బాగుంటాయని పిల్లలు ఎగబడ్డారు.

మోతాదు
అనుకున్నాను. గురివిందలో అబ్రిన్ ఉంటుంది, తీవ్రమైన విషం. గింజ పైపొట్టు గట్టిది, పగలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. దండకోసం మీరు చేసిందేమిటి? సూదితో పొట్టుకు చిల్లు పెట్టారు! నమిలినా, చిల్లు పెట్టిన గింజ మింగినా ప్రమాదమే. ఆ దండలన్నీ వెనక్కి తీసుకోండి. పిల్లలెవరైనా నోట్లో పెట్టుకుని ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, విషం లక్షణాలు గంటల తరబడి ఆలస్యంగా కూడా రావచ్చు.

మీ "ప్రకృతి నైపుణ్యాల" నడకలంటే కూడా నాకు భయం. రెండు గంటల్లో పది మొక్కలు గుర్తుపట్టి, "నాకు తెలుసు" అన్న ధైర్యంతో అడవిలో దుంప తవ్వేవాడు పుడతాడు. అగ్నిశిఖ దుంపను తినే దుంపనుకుని వండుకుని పోయినవాళ్లున్నారు, అందులోది కాల్చిసిన్. డెత్ క్యాప్ పుట్టగొడుగు విషం ఉడికించినా పోదు, వాంతులు మొదలయ్యేసరికి సగం రోజు గడిచిపోవచ్చు, ఆలోగా కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది. గుడ్డ రంగు తప్పితే గుడ్డే పాడవుతుంది.

ఆకులపుస్తకం
తల్లిదండ్రులందరికీ ఇప్పుడే కబురు పెడుతున్నా. మొక్కల నడకలో తినేవాటి గురించి అసలు చెప్పడం లేదు, చెట్ల వరకే.

నీలితొట్టి
చూశారా! వీడియోలు చూసి గురువులైపోయినవాళ్లు నడిపితే ఇలాగే ఉంటుంది. పనిలో పుట్టిపెరిగినవాణ్ణి ఒక్కణ్ణి అడిగుంటే ఆ గింజలు వద్దనేవాడు.

చిట్టిచేతులు
ఆ గింజల వర్క్‌షాప్ నాది కాదు. పనిలో పుట్టిపెరిగినవాళ్లే తరతరాలుగా ఆ దండలు గుచ్చి అమ్మారు, ఆ సంగతీ గుర్తుంచుకోండి. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అనలేదు. నాకు వీడియో గురువని బిరుదిచ్చారు, మంచిది. మీ తొట్టి దగ్గర నేర్చుకుంటానని వస్తే కూర్చోబెట్టుకునేవారా? నిజం చెప్పండి.

నీలితొట్టి
మీలాంటివాళ్లను ఒకసారి కూర్చోబెట్టుకున్నాం. చాలు.

నిర్వాహకుడు
ఇద్దరూ గొంతు తగ్గించండి. వ్యక్తిగతంగా వెళ్తే తాళం వేస్తా.

వెదురుబద్ద
నీలితొట్టి అన్నా, అసలేం జరిగిందో చెప్పు. నువ్వు కోప్పడుతున్నది హైడ్రోస్ మీద కాదని మొదటి నుంచీ అనిపిస్తోంది.

నీలితొట్టి
చెప్తా. పైన బోర్డు అన్నానే, ఆ చోటే. దానికి ముందు వాళ్లే నన్ను పిలిచి పులిసిన తొట్టి పెట్టించారు. రోజూ వెళ్లి కలపడం, వెచ్చదనం చూడడం, మేత వెయ్యడం, అన్నీ నేనే. ఆ ఆదివారం మైక్ పట్టుకున్నది ఇంకొకాయన. నన్ను "మన సహాయకుడు" అని పరిచయం చేశాడు. మా నాన్న నోటి నుంచి నేను విని ఆయనకు చెప్పిన మాటలే నా ఎదురుగా ఆయన సొంత మాటల్లా చెప్పాడు. చివర్లో చేతిలో పెట్టింది రెండు గంటల డబ్బులు. తొట్టి పులిసిన రోజులకేవీ అంటే, "అప్పుడు మీరు పనేం చేశారండీ, అదే పులిసింది కదా" అన్నాడు.

మొత్తం వీడియో తీసుకున్నారు. మళ్లీ పిలవలేదు. హైడ్రోస్ డబ్బా కొనుక్కుంటే నాతో పనేముంది?

దారినపోయేవాడు
"అదే పులిసింది కదా"!! ఈ మాట మావాళ్లందరికీ చెప్పాలి.

చిట్టిచేతులు
ఇది అన్యాయం, ఆయన్ని వెనకేసుకు రాను. కానీ దీన్నిబట్టి "పనిలో పుట్టనివాళ్లు నేర్పకూడదు" అనేదాకా వెళ్లారే, అక్కడ ఒప్పుకోను. ఎందుకో నేనూ చెప్తాను.

మా తాత కొయ్య చెక్కేవాడు. నేను ఎనిమిదేళ్లదాన్ని, ఆయన పక్కనుంచి కదిలేదాన్ని కాదు. పచ్చికొయ్య ఉలికి మెత్తగా తెగుతుందని, ఆరేటప్పుడు పొడవునా కాక అడ్డంగా ముడుచుకుంటుందని ఆయన మా తమ్ముడికి చెప్తుంటే వినేదాన్ని. ఉలి అడిగితే ఇచ్చేవాడు కాదు. ఆడపిల్ల వేరే ఇంటికి పోతుంది, పనిగుట్టు దాంతోపాటే పోతుందని. తమ్ముడికి ఆ పని మీద ఇష్టమే లేదు, చదువుకుని వెళ్లిపోయాడు. తాత పోయాక ఉలులు అటక మీద తుప్పుపట్టాయి. నాకు ఉలి పట్టుకోవడం నేర్పింది ఎవరో పరాయి మనిషి, ఇలాంటి రెండు గంటల వర్క్‌షాప్‌లోనే. అది కాలక్షేపమైతే, నాకా కాలక్షేపం తప్ప వేరే తలుపు లేదు. ఇంటి పనిగా ఉన్నంతకాలం బతికిందంటారే, మా ఇంట్లో మా ఇంటివాళ్లే చంపారు.

నీలితొట్టి
మీ తాత చేసింది తప్పే. ఆ తప్పుకు జరిమానా నేనెందుకు కట్టాలి?

చిట్టిచేతులు
జరిమానా కాదు. ఆ పని మీదా, నేర్చుకున్న వాళ్లందరిదా? అది తేల్చండి. స్వీడన్‌లో నేస్ అనే చోట ఓటో సాలమన్ చేతిపని టీచర్లకు శిక్షణ ఇచ్చేవాడు. పిల్లలకు నేర్పాల్సింది శిక్షణ పొందిన టీచరే, పనివాడు కాదన్నది ఆయన పద్ధతి. చెయ్యడం వేరు, చెప్పడం వేరు.

నీలితొట్టి
అదిగో, అసలు మాట బయటపడింది. చేసేవాడు కింద కూర్చుని చెయ్యాలి, చెప్పేవాళ్లు పైన నిలబడి చెప్పాలి. నన్ను సహాయకుడన్నాయన కూడా ఆ సాలమన్ శిష్యుడే అయ్యుంటాడు.

వెదురుబద్ద
సాలమన్ది బడి, అమ్మా. అక్కడ పిల్లాడి చెయ్యీ కన్నూ కుదరడం ముఖ్యం, బుట్ట అమ్ముడుపోవడం కాదు. ఇక్కడ బోర్డు మీద రాసి అమ్ముతున్నది మా పేరూ మా తాతల పేరూ. యునెస్కో 2003 ఒప్పందంలో కూడా ఏది వారసత్వమో గుర్తించేది ఆ సమూహాలే అని ఉంది. అదే ఒప్పందం తర్వాతి తరానికి అందించడాన్ని కూడా పరిరక్షణలో భాగమే అంటుంది, కాబట్టి తలుపులేసుకుని కూర్చోలేం. నాకు శిష్యుడు ఇప్పటిదాకా దొరకలేదు. మావాడు రానన్నాడు. వర్క్‌షాప్‌కి వచ్చినవాళ్లలో ఒకమ్మాయి మాత్రం మళ్లీ మళ్లీ వస్తోంది, చీల్చడం అడుగుతోంది. నిర్వాహకులకు చెప్పకుండా నేర్పుతున్నా. (వేలికి గుడ్డ చుట్టించే.)

చిట్టిచేతులు
నేనన్నది అదే కదా! ఆ అమ్మాయి రెండు గంటల తలుపులోంచే వచ్చింది.

నీలితొట్టి
వచ్చింది వెదురుబద్ద దగ్గరికి, మైక్ దగ్గరికి కాదు.

ఆకులపుస్తకం
దండల్లో ఎక్కువ భాగం తిరిగొచ్చాయి, మిగిలినవాళ్లకి ఫోన్లు చేస్తున్నాం. సమావేశం ఎల్లుండి. మినిట్స్‌లో ఏం రాయమంటారు?

వెదురుబద్ద
ముందురోజు గీకిన పనికి కూడా కూలి అని రాయండి. మిగతాది వాళ్లిష్టం.

చిట్టిచేతులు
నీలితొట్టి గారూ, మా దగ్గరికి రండి. మైక్ మీదే, వీడియో మీరు సరేనంటేనే, బోర్డు మీద మీ పేరు. హైడ్రోస్ ముట్టుకోను.

నీలితొట్టి
మైక్ సంగతి తర్వాత. తొట్టి పులిసే రోజులు లెక్కలో రాస్తారా?

చిట్టిచేతులు
రాస్తే రుసుము పెంచాలి. పెంచితే సగం మంది రారు. ముందు మానేసేది ఉలి అడిగినా దొరకని నాలాంటి పిల్లలే.

నీలితొట్టి
వాళ్ల తరఫున తక్కువ పడిన డబ్బు ఇన్నాళ్లూ ఎవరి జేబులోంచి పోయిందో అది కూడా రాయండి.

చిట్టిచేతులు
రాస్తాను. రుసుము మాత్రం పెంచను. సంఘం నుంచి అడుగుతాను.

నీలితొట్టి
సంఘం ఇచ్చాక పిలవండి.